చెయ్యి కనిపించని గుడ్డ

“ఇది కిటికీకి కట్టుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలండి,” అన్నాడు కొట్టు యజమాని గోపాలకృష్ణమూర్తి.

జయపాల్ వినిపించుకోలేదు. గుడ్డ అంచు పట్టుకుని కొట్టు గుమ్మం దాకా నడిచాడు. బయట మండపేట మెయిన్ రోడ్డు మీద మే నెల ఎండ పెటపెటలాడుతోంది. గుడ్డని ఆ ఎండకి అడ్డంగా ఎత్తి, వెనకాల చెయ్యి పెట్టి ఆడించాడు.

“డేనియల్, నా చెయ్యి కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది,” అన్నాడు భార్య తమ్ముడు డేనియల్, స్టూలు మీంచి లేవకుండానే.

“అయితే ఇంకోటి చూపించండి.”

గోపాలకృష్ణమూర్తి నిట్టూర్చాడు. అప్పటికే బల్ల మీద గుడ్డలు కుప్పపడ్డాయి. నెట్టు కర్టెన్లు చూపించాడు. నూలువి చూపించాడు. వెదురు చాపల్ని పైకి చుట్టి, కిందికి వదిలి మరీ చూపించాడు. అన్నిటి వెనకా చెయ్యి కనిపిస్తూనే ఉంది.

“వంటింట్లో డైనింగ్ టేబుల్ దగ్గరికి అన్నారు కదండీ? తూర్పు కిటికీ. పల్చటి నెట్టు వేసుకుంటే ఎండ వడకట్టినట్టు వస్తుంది. అన్నం తినే చోట చీకటేంటండి? సినిమా హాలు కడుతున్నారా?”

“హాలు కాదండి, బారు,” గొణిగాడు డేనియల్.

షావుకారు విననట్టే ఇంకో తాను తేవడానికి లోపలికి వెళ్ళాడు.

జయపాల్ బెంచీ మీద కూలబడ్డాడు. యాభై దాటి ఎన్నాళ్ళో కాలేదు. చూసేవాళ్ళు అరవై అనుకుంటారు. రాత్రి నిద్ర లేదు. మొన్న రాత్రీ లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, బెంచీ మీదే ఒరిగిపోయేలా ఉన్నాడు.

డేనియల్ గొంతు తగ్గించాడు. “బావా, స్కూలు తెరిచేలోపు కమిటీ కూర్చుంటుంది. అక్క హెడ్మిస్ట్రెస్ అవుతుందో లేదో తేలిపోతుంది. ఆ మిషన్ స్కూల్లో ఇన్నేళ్ళూ అరిగిపోయింది. ఇంట్లో తాగుడుందని తెలిస్తే కరస్పాండెంట్ గారు ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోరు. అందుకేగా ఈ కర్టెన్లు.”

“కర్టెన్లెందుకు? మానేస్తే పోలా?”

“ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయని కాకినాడ డాక్టర్ చెప్పాడు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.”

“ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చి ఏడాదయింది. ఏం తగ్గింది? మొన్న టిఫిన్ వేళకి నువ్వు కిటికీ దగ్గర నిలబడి గ్లాసులో వంపుతుంటే ఎదురింటి నాగరత్నం గారు చూశారట. రేపు కరస్పాండెంట్ గారే చూస్తారు. రోజూ వాకింగ్‌కి ఆ వీధిలోంచేగా వెళ్ళేది?”

జయపాల్ అరచేత్తో మొహం రుద్దుకున్నాడు.

“వారం వారం యానాం నుంచి సీసాల సంచితో దిగుతావు. నిన్ను ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవద్దని చర్చిలో తీర్మానం చేస్తే, సంఘ పెద్దగా నేనే సంతకం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను బావా.”

“నీ తప్పేం లేదులే.”

“ఆ ముక్క అక్కతో అను. పిచ్చిది, ఇంత జరుగుతున్నా నీ మీద ఒక్క మాట చెప్పదు. నేనడిగితే తల దించుకుంటుంది.”

ఫోన్ మోగింది. భార్య తబిత. జయపాల్ తీసేలోపే డేనియల్ అందుకున్నాడు.

“అక్కా, భోంచేశావా? ఏంటి, మాట ముద్దముద్దగా వస్తోంది? ఏడ్చావా?”

జయపాల్ చటుక్కున ఫోన్ లాక్కుని గుమ్మం దిగాడు. “ఆఁ, నేనే. తెస్తున్నా. లేదులే, మరీ చీకటిగా ఉండదు. నువ్వు పడుకో. స్టవ్ వెలిగించకు, నేనొచ్చి వండుతా.”

తిరిగి వచ్చేసరికి డేనియల్ మొహం కందిపోయి ఉంది.

“మా అక్కని ఏడిపించి వచ్చి, పైగా వంట కూడా చేస్తావా? ఈ నాటకాలకేం తక్కువ లేదు.”

జయపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇలాంటి మాటలు మింగడం అతనికి కొత్త కాదు.

గోపాలకృష్ణమూర్తి కాఫీ రంగు గుడ్డ తెచ్చి ధన్‌మని పడేశాడు. మందంగా ఉంది. వెనక వైపు రబ్బరు పూత. “దీన్ని మించింది ఈ ఊళ్ళో దొరకదండి. ఇదీ నచ్చకపోతే గోడ కట్టించుకోండి.”

జయపాల్ దాన్ని గుమ్మంలో ఎండకి ఎత్తాడు. చెయ్యి ఆడించాడు.

“కనిపిస్తోందా?”

“లేదు,” అన్నాడు డేనియల్ విసుగ్గా.

“ఇదే ఇవ్వండి. ఈరోజే కుట్టించాలి.”

“అంత తొందరేంటండి?”

“ఎండండి. తట్టుకోలేకపోతున్నాం.”

సాయంత్రానికి కుట్టిచ్చారు. ఇంటికెళ్ళి, రాడ్డు బిగించి, రెండు కర్టెన్లూ తగిలించేసరికి జయపాల్ చొక్కా తడిసి ముద్దయింది.

మర్నాడు పొద్దున్న ఎండ ఎప్పటిలాగే కిటికీ దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. వీధిలో కరస్పాండెంట్ గారి చేతికర్ర చప్పుడు వినిపించింది. కిటికీ ఎదురుగా కాస్త నెమ్మదించింది. జయపాల్ కర్టెన్ అంచుని గోడకి అదిమి పట్టాడు. చప్పుడు మళ్ళీ సాగిపోయింది.

అతను లైటు వేసి, యానాం సీసా తీశాడు. మూతతో కొలిచి, నిన్నటికన్నా ఒక మూత తక్కువే పోశాడు. నీళ్ళు కలిపాడు.

తర్వాత, జన్మలో మందు రుచి ఎరగని జయపాల్ ఆ గ్లాసుని, వణుకుతున్న తబిత చేతుల్లో పెట్టాడు.