ఇత్తడి పలక ఎవరి గోడకి?

ఫ్యాక్టరీ వాళ్ళు చేయించిన ఇత్తడి పలక లెయొంతీన్ గోడకి కాదట, ఎదురింటి అల్సిద్ గోడకి బిగిస్తారట, మేకులకి కొలతలు కూడా తీసుకుపోయారట. రొట్టెల దుకాణం ఓదెట్ ఇలా అందని పోస్టుమాన్ భార్య చెప్పింది. ఓదెట్‌కి ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

లెయొంతీనూ అడగలేదు. ఇంట్లోకి పోయి, సొరుగులోంచి తాత గడియారం తీసి రుమాల్లో చుట్టుకుని, నడుముకి కట్టుకున్న వంటింటి గుడ్డ విప్పడం కూడా మరిచి, తిన్నగా డైరెక్టరు గదిలోకి నడిచింది.

అల్సిద్ అప్పటికే అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"వచ్చావా? ఇందాకటి నుంచి నీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు.

"నా గోడ గురించి అనుకుని ఉంటావు" అంది లెయొంతీన్.

కొంబెత్ గడియారాల కంపెనీ పెట్టింది ఈ ఇద్దరి తాతలూ కలిసే. ఆమె తాత సెలెస్తాన్, అతని తాత ఫిలెమోన్. అందులో తగువు లేదు. మొదటి గడియారం ఎవరి వంటింటి కిటికీ దగ్గర తయారైందన్నదే తగువు. ఆదివారం కంపెనీకి డెబ్బయి అయిదేళ్ళ పండగ. "మా మొదటి గడియారం 1884లో ఈ చోట పుట్టింది" అని పలక మీద చెక్కడం అయిపోయింది. ఇక గోడ తేలాలి. కంపెనీ చరిత్ర పుస్తకంలో మొదటి పేజీ కూడా అందుకే ఖాళీగా ఉంది.

లెయొంతీన్ రుమాలు విప్పి గడియారం వెనక మూత తెరిచింది. "చదవండి డైరెక్టరుగారూ, గట్టిగా."

డైరెక్టరు చదివాడు. "నంబరు ఒకటి."

"బల్ల మీదున్న అల్సిద్ గడియారం కూడా చదవండి."

"నాలుగు వేల ఒకటి."

"విన్నావా? మా తాత నాలుగు వేల గడియారాలు చేసి నడుం వాల్చాక మీ తాతకి మెలకువొచ్చింది!"

అల్సిద్ మీసం కింద నవ్వుకున్నాడు. "తొందరపడకు. పెద్దాయన్ని అడుగుదాం."

పొయ్యి పక్కన కూర్చున్న యులీస్ తలెత్తాడు. ఆ ఫ్యాక్టరీలో యాభై ఏళ్ళు మూతల మీద నంబర్లు చెక్కిన మనిషి. ఎనభై రెండేళ్ళొచ్చినా చెయ్యి వణకదు. భూతద్దం కంటికి బిగించి ఒకటో నంబరును అటూ ఇటూ తిప్పాడు.

"చక్కగా ఉంది" అన్నాడు.

"ఉండదూ మరి!" అంది లెయొంతీన్.

"నేను చెక్కిందే. నంబర్లు లక్ష దాటాక మూత మీద చోటు చాలక మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాం. అది పందొమ్మిది వందల పదకొండు. ఈ గడియారం నీకంటే చిన్నదమ్మా."

లెయొంతీన్ కుర్చీ వెతుక్కుంది.

"మరి నాలుగు వేల ఒకటి?" అన్నాడు డైరెక్టరు.

"అదే మొదటిది. వీళ్ళ తాతలిద్దరూ ఎడ్ల బేరగాళ్ళు, బాబూ. నిన్నటిదాకా పశువులమ్మినవాళ్ళ దగ్గర ఒకటో నంబరు గడియారం ఎవడు కొంటాడు? అప్పటికే నాలుగు వేలు అమ్ముడుపోయినట్టు కనబడాలని అక్కణ్ణించి లెక్క మొదలెట్టారు."

అల్సిద్ లేచి కోటు సర్దుకున్నాడు. "మేకులు కాస్త పెద్దవి కొట్టించండి డైరెక్టరుగారూ. మా గోడ రాతిది. లెయొంతీన్, ఆదివారం నువ్వూ రా. మా ముంగిట్లో నిలబడితే పలక బాగా కనబడుతుంది."

"నీ ముంగిట్లో కోళ్ళు నిలబడతాయి, నేను కాదు."

"కూర్చో అల్సిద్" అన్నాడు యులీస్. "మూత చూస్తే నంబరే తెలుస్తుంది. ఎవరు కూర్చారో కావాలంటే అంకెల పళ్ళెం కింద చూడాలి. ఆ రోజుల్లో కూర్చినవాళ్ళు తమ గుర్తు అక్కడ గీసేవాళ్ళు, కొన్నవాడికి కనబడకుండా."

డైరెక్టరు కూడా ఆ పనిలో పుట్టిపెరిగినవాడే. అల్సిద్ గడియారం ముళ్ళు లాగి, పక్క మరలు వదులుచేసి, పళ్ళెం పైకి లేపాడు. ముగ్గురూ వంగారు.

"జెడ్. హెచ్." అని చదివాడు. "సెలెస్తాన్ కాదు. ఫిలెమోనూ కాదు."

"గీత సరిగ్గా పడి ఉండదు" అన్నాడు అల్సిద్.

"ఫిలెమోన్ అని రాయబోతే జెడ్ పడిందా? మీ తాతకి చదువు రాదని ఊళ్ళో అనేవాళ్ళు గానీ, మరీ ఇంతనుకోలేదు" అంది లెయొంతీన్. ఆమె మొహంలోకి కాస్త రంగు తిరిగొచ్చింది.

"జెలీ హ్యుమెర్" అన్నాడు యులీస్. "మా అమ్మ. మీ తాతలిద్దరూ సామాను తెచ్చి పడేస్తే ఆవిడ కూర్చేది. వాళ్ళు తీసుకుపోయి సంతలో అమ్మేవాళ్ళు. గడియారానికి చావి ఇవ్వడం కూడా వాళ్ళకి ఆవిడే నేర్పింది."

ముందుగా తేరుకున్నది డైరెక్టరే. కలం తీసి, చరిత్ర పుస్తకంలో ఖాళీగా ఉన్న మొదటి పేజీ ముందుకు లాక్కున్నాడు. అతని గొంతులో హుషారు కూడా వచ్చింది.

"ఎంత మంచి సంగతి చెప్పారు పెద్దాయనా! ఇక ఏ తగువూ లేదు. ఇద్దరి గోడలకీ వద్దు. ఆ తల్లి కూర్చుని పనిచేసిన చోటే పలక కొడదాం. ఆదివారం ఊరంతా టోపీలు తీసి అక్కడ నిలబడాలి. చెప్పండి, ఎక్కడ?"

యులీస్ భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఫ్యాక్టరీ పెంచేటప్పుడు మా ఇల్లు పడగొట్టి మీ నాన్న మగవాళ్ళ మరుగుదొడ్డి కట్టించాడే, అక్కడ."