రాష్ట్రం చివరి రాయి దగ్గర

సెలవు దొరికిందని మా ఆయన ఫోన్ చేయగానే ఎగిరి గంతేశాను. పెళ్లయిన నెలకే ఆషాఢమని నన్ను కుప్పం పక్కనున్న పుట్టింటికి తీసుకొచ్చేశారు. ఈ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అందుకే, మన రాష్ట్రం దక్షిణాన ముగిసే చోట ఉన్న సరిహద్దు రాయి దగ్గర కలుద్దామన్నాను.

వేయించిన చెనిక్కాయలు కొంగున ముడేసుకుని నడిచి వెళ్లేసరికి చీకటి పడింది. రాయికి అవతల, తమిళనాడు వైపు, ఆయన నిలబడి ఉన్నాడు.

"ఈడికి రా మే," అన్నాడు.

పరుగెత్తబోతుంటే ఫోన్ మోగింది. ఆయన గొంతే.

"బస్సు తప్పిపోయింది మే. ఇంకా పలమనేరులోనే ఉండాను. రేపు ఆ రాయి కాడికే వస్తా."

కీచురాళ్లు ఆగిపోయాయి. నా కాళ్లు మాత్రం ఇంకా అటే లాగుతున్నాయి.

రాయి అవతలి మనిషి అదే గొంతుతో, అంతకంటే ప్రేమగా అన్నాడు.

"ఈడికొద్దులే మే. రేపు మీ ఇంటికే వస్తా."