వదులవుతున్న చొక్కా

భావనపాడులో పసిపిల్లలకి ఊలు చొక్కాలు అల్లేది కుసుమకుమారి ఒక్కతే. ఆమెకి పిల్లల్లేరు. మొగుడు సముద్రం మీదికి వేటకెళ్లిన రాత్రులు ఆ సూదులే తోడు.

వీధి చివరింటి ముసలి లక్ష్మణమ్మ, ఇంట్లో పాపకని మొదట ఆర్నెల్ల బిడ్డ కొలతలిచ్చింది. వారం తిరక్కుండా చొక్కా వెనక్కి తెచ్చింది.

"వదులైపోనాదే అమ్మీ. రెండు కుట్లు తగ్గించు."

తగ్గించింది. మళ్లీ వదులైంది. ఎక్కడైనా పిల్లలు పెరిగి చొక్కా బిగుస్తుంది గానీ, ఇదేం చోద్యమో అనుకుంటూనే కుసుమకుమారి మళ్లీ కుట్లు విప్పింది. నాలుగో నెలకి చొక్కా అరచేతిలో ఇమిడింది. ఆ తర్వాత బొటనవేలికి తొడిగేటంత అయింది.

ఈ రాత్రి లక్ష్మణమ్మ ఉత్త చేతులతో వచ్చింది. లోపలి నుంచి తలుపు గడియ పెట్టి, దానికే వీపు ఆనించి కూర్చుంది. బయట సముద్రం హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పాప ఏదత్తా? ఒక్కసారీ తేలేదేటి?" అడిగింది కుసుమకుమారి.

"తెచ్చినాను." లక్ష్మణమ్మ ఆమె పొట్టకేసి చూసింది. "ఇంక సొక్కా తగ్గించక్కర్లేదే. ఇకమీద నీ జాకెట్లే నెలనెలా వదులు సేసుకోవాల."

కుసుమకుమారి లేవబోయింది. కడుపులో ఏదో చిన్నగా తన్నింది.