కుడి జేబులో చింతగింజలు

హిమజకు భర్త మీద ఒక్కటే ఫిర్యాదు. ఇంట్లో చీపురు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది, ఇల్లు మాత్రం ఆమే ఊడవాలి.

జగదీశ్వర్ ఆ చీపురును రెండు చేతులా పట్టుకుని, నడుము వంచి, హాల్లో గాలిని కొడతాడు. మొన్న గాలితో పాటు పూలకుండీని కూడా కొట్టాడు.

"ఇంకెన్ని రోజులు?" అంది హిమజ, మట్టి ఎత్తుతూ.

"నీ తమ్మున్ని ఓడగొట్టేదాక."

తమ్ముడంటే శ్రీపాల్. ఇబ్రహీంపట్నంలో చుట్టాల గృహప్రవేశంలో, వందమంది వింటుండగా అన్నాడు: "మా బావ గోల్ఫ్ ఆడుడు చూసిన. బర్రెను అదిలించినట్టే ఉన్నది."

ఆ రోజు జగదీశ్వర్‌కు అన్నం దిగలేదు. అక్కడికక్కడే పందెం కట్టాడు. దసరా తర్వాతి ఆదివారం చెరి ఇరవై బంతులు కొట్టాలి. రెండు జెండాల మధ్య ఎవరివి ఎక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాడు గెలిచినవాడి బ్యాగు భుజానేసుకుని, చుట్టాలందరూ చూస్తుండగా కారుదాకా నడవాలి.

బొంగులూరు దాటాక రింగురోడ్డు పక్కన ఉంది ఆ ప్రాక్టీసు మైదానం. రోజూ పొద్దున వంద బంతులు. కోచ్ సంజీవ చంకలో తువ్వాలు పెట్టి కొట్టమనేవాడు, కాళ్లు దగ్గర పెట్టి కొట్టమనేవాడు. మధ్యాహ్నానికల్లా ఫోన్‌లో అతని మెసేజ్ వచ్చేది.

జగదీశ్వర్ దాన్ని అన్నం ముందు కూర్చుని పైకి చదివేవాడు. "వందల అరవై రెండు కుడికి పోయినయ్. తల ముందే లేస్తున్నది. రేపు తువ్వాలతోని యాభై కొట్టాలె."

చదివి మురిసిపోయేవాడు. "పిల్లగాడే గని, గద్ద కండ్లు. దూరం పోతే నాకే ఆనది, వాడు ఒక్క బంతిని ఇడిచిపెట్టడు."

అరవై రెండు నలభై అయింది. నలభై ఇరవై అయింది.

మైదానం చివర, రేకు చాటున ఒక ముసలాయన కూర్చునేవాడు. పేరు అంజిలయ్య. ముప్పై ఏళ్లు చెరువులో వల వేసిన మనిషి, ఇప్పుడు బంతులు ఏరుతున్నాడు. నడిస్తే అంగీ జేబులు రెండూ చింతగింజలతో గలగలమనేవి.

పందేనికి మూడు రోజుల ముందు, గురువారం, శ్రీపాల్ చూడ్డానికొచ్చాడు. అతన్ని చూడగానే జగదీశ్వర్ పళ్లు బిగించి కొట్టాడు. బంతి కుడికి పోయి తుప్పల్లో పడింది.

బుట్టతో అటుగా వస్తున్న అంజిలయ్య ఆగాడు.

"పటేలా, మల్ల తలకాయ లేపినవ్. వల ఇసిరేటప్పుడు గట్ల లేపితే వల ముద్దయి పడ్తది. గిదీ గంతే."

"ఏంది బావా, ఈ తాత కూడ నీకు కోచేనా?" అన్నాడు శ్రీపాల్. "ఎన్ని రోజుల కోర్సు?"

పక్కవాళ్లంతా నవ్వారు.

జగదీశ్వర్ నేరుగా ఆఫీసు గదిలోకి పోయాడు. "జేబుల నిండ చింతగింజలు ఏసుకొని తిరుగుతడు. గసొంటి పిచ్చోన్ని మా మీదికి తోలుతరా? ఆయనన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

పది నిమిషాల్లో అంజిలయ్యను పొమ్మన్నారు.

పోతూ పోతూ ఆయన జగదీశ్వర్ ముందు నిలబడ్డాడు. కుడి జేబులోని గింజలన్నీ తీసి అతని దోసిట్లో పోశాడు.

"గివి నీయే పటేలా. పదకొండున్నయ్."

పారేసే చోటు కనబడక జగదీశ్వర్ వాటిని బ్యాగు పక్క అరలో వేశాడు.

ఇంటికొచ్చి మీసం దువ్వుకున్నాడు. "ఒకని పని అయిపోయింది."

"ముసలాయన ఏం జేసిండు?" అంది హిమజ.

"నలుగుర్ల నా మీద నవ్విపిచ్చిండు."

"నవ్విపిచ్చింది మా తమ్ముడు గదా."

"వానిది ఆదివారం."

మర్నాటి నుంచి మెసేజ్‌లు మారిపోయాయి. శుక్రవారం "సూపర్ సార్". శనివారం "కేక సార్", కింద రెండు బొటనవేళ్లు.

"ఇగ దిద్దుదమన్నా తప్పు దొరుకుతలేదు వానికి," అంటూ జగదీశ్వర్ చీపురును మూలకు పెట్టాడు. హిమజ అయిదు వారాల తర్వాత మూలన నిటారుగా నిలబడ్డ చీపురును చూసింది.

ఆదివారం శ్రీపాల్‌వి పన్నెండు జెండాల మధ్య పడ్డాయి. జగదీశ్వర్‌వి నాలుగు. మిగతావన్నీ కుడికే పోయాయి.

"జర మెల్లగ బావా, గోడకు రాకుతది," అన్నాడు శ్రీపాల్, బ్యాగు వెనక నడుస్తూ. చుట్టాలు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

శ్రీపాల్ బ్యాగు కారులో పెట్టి, తన బ్యాగు భుజానేసుకుని జగదీశ్వర్ అదే ఊపున సంజీవ దగ్గరికి పోయాడు. వెనకే హిమజ.

"ఇయ్యాల నీ సంగతి జూస్త. నిన్నటిదాక సూపర్ అన్నవ్. బంతులన్ని కుడికెట్ల పోయినయ్?"

"బంతులు నేను చూడలే సార్."

"మరి?"

"నేను మీ చేతులు, కాళ్లు చూస్త. పక్కన ఇంకో పదిమంది ఉంటరు. మీ బంతి ఏది యాడ పడ్డదో చూసేది అంజిలయ్య తాత. కుడికి పోతే కుడి జేబుల ఒక గింజ, ఎడమకు పోతే ఎడమ జేబుల ఒక గింజ. చేప యాడ ఎగిరిందో చూసుకునే అలవాటట. ఆఖరుకొచ్చి ఎటు ఎన్ని పోయినయో చెప్తుండె, తప్పేందో చెప్తుండె. నేను టైపు కొట్టేటోన్ని."

"మరి సూపర్ అని ఎందుకు పెట్టినవ్?"

"చెప్పేటోడు లేకపాయె. ఏదో ఒకటి పెట్టాలె గదా సార్."

జగదీశ్వర్ మైదానం చివరి రేకు వైపు చూశాడు. "ఆయన్ని పిలిపియ్," అన్నాడు.

"పోయి పిలిచిన సార్. చెరువు నిండింది, మల్ల వలకే పోతుండు. పటేల్ బంతి ఇప్పుడు యాడ పడ్డా నాకేంది అన్నడు."

జగదీశ్వర్ తన బ్యాగు పక్క అరలో చెయ్యి పెట్టాడు. గింజలు బయటికి తీసి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదకొండు.

వాటిని హిమజ ముందు పట్టాడు.

"తప్పు నాదే హిమజా. నీ తమ్ముని మీది కోపంతోని నేను ఎల్లగొట్టింది నా కోచ్‌నే."