ఇల్లాలా, దాసీయా?

“పోలిక చూడ్డానికి ఇప్పటి మనిషి జుట్టు కావాలన్నావుగా, ఇదిగో.” ప్రొఫెసరు కాగితపు పొట్లం బల్ల మీద పెట్టాడు. “మా ఆవిడది. ఈ మధ్య దువ్వెన నిండా ఇదే. నూనె మార్చవే అంటే వినదు.”

“కడుపునిండా తినే మనిషిదే కావాలి సార్,” అంది సహాయకురాలు.

“మా ఇంట్లో తిండికి లోటా! నా డబ్బా రోజూ చూస్తున్నావుగా. మూత పట్టదు.”

పక్కనే గాజు పళ్ళెంలో ఓ జడ ఉంది. మూడు వేల ఏళ్ళనాటి సమాధిలో, ఓ కలవారి మగాయన పక్కన పడుకోబెట్టిన ఆడమనిషిది. ఆవిడ ఇల్లాలా, దాసీయా? ప్రొఫెసరు తేల్చి చెబితే మ్యూజియంలో బోర్డు రాయిస్తారు. ఆ బోర్డు మీద ఏం రాస్తే ఇక ఆవిడ బతుకంతా అదే.

“రెండూ కడిగి, ఆరగానే మిషన్‌లో పెట్టు,” అని ఆయన క్లాసుకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మ్యూజియం అధికారిణి కూర్చుని ఉంది. సహాయకురాలు లోపలి గదిలో ఉంది. తెర మీద గీత సిద్ధంగా ఉంది.

“చూడండి మేడమ్. వెంట్రుకలో ఒక్కో ముక్క, అది పెరిగిన నెలలో మనిషి ఏం తిన్నదీ చెబుతుంది. ఇక్కణ్ణుంచి గీత ఎలా ఎక్కిందో చూశారా? తిండి చాలక ఒళ్ళు తన కండ తానే తినేసింది.”

“అయ్యో! ఎన్నాళ్ళు?”

“ఏడాది పైనే.”

ఇంతలో ఆయన ఫోను మోగింది. “ఆ, తిన్నాను. అమ్మకి పెట్టావా? పిల్లలకి? ఊ, సరే.” పెట్టేశాడు.

“మరి సమాధిలో ఆవిడ మెడలో అన్ని పూసలున్నాయి కదండీ?” అంది అధికారిణి.

“పైన పటారం, లోన లొటారం. నలుగురూ చూడ్డానికి వేసుంటారు.”

“ఏమో సార్. వడ్డించే చేతికి గిన్నె అడుగే మిగులుతుంది. ఇల్లాలే అయ్యుండొచ్చు.”

“భలేవారే! ఒక్క కప్పు కింద ఉంటూ పెళ్ళాం ఏడాదిపాటు కడుపు మాడ్చుకుంటే మొగుడికి తెలీదా? వాడికి కళ్ళుండవా? దాసీయే. రాయించెయ్యండి.”

లోపలి గది తలుపు తెరుచుకుంది. సహాయకురాలు గాజు పళ్ళెం జాగ్రత్తగా పట్టుకుని వచ్చింది. అందులో జడ ఇంకా తడిగానే ఉంది.

“ఇది ఆరేసరికి రేపవుతుంది సార్.”

“మరి ఇదేమిటి?” ఆయన వేలు తెర మీదే ఆగిపోయింది.

“మీరు తెచ్చిన పొట్లంలోది సార్.”