నాలుగో పేజీ

రైల్లో ఆరు స్టేషన్లు దాటేలోపు ఫోన్‌లో పదిసార్లు వెతికాను. కూర్చోలేను, నిలబడలేను. 'క్యోటో టోఫు' అని కొడితే ఇమానిషి గారి సోయా పన్నీరు దుకాణం నాలుగో పేజీలో ఉంది. నెల కిందట మొదటి పేజీలో మొదటి పేరు అదే.

వెబ్‌సైట్ కొత్తగా చేసింది నేనే. "పాత పేజీలన్నీ తీసెయ్యి, కుగా," అన్నారు ఇమానిషి గారు నాతో. పాత లింకులు తెగితే వెతుకులాటలో కిందికి పోతామని గొణిగాను. "పోనీలే," అన్నారు. గట్టిగా చెప్పొద్దూ? నోరు మూసుకుని తీసేశాను, వెధవని!

దుకాణం ముందు ఎప్పుడూ ఉండే క్యూ లేదు. క్షమాపణకు తెచ్చిన తీపి పెట్టె ముందుకు జరిపి, నడుం విరిగేలా వంగాను.

"నాలుగో పేజీకి పడిపోయామండీ. తప్పు నాదే. ఎలాగైనా పైకి తెస్తాను."

"అయ్యో, పైకెందుకు?" ఆవిడ బల్ల కింద నుంచి ఇంకో తీపి పెట్టె తీసి నా చేతిలో పెట్టారు. "నీకోసం మొన్ననే కొనిపెట్టాను."

అంతలో ఎదురింటి ముసలాయన గిన్నె పట్టుకుని వచ్చాడు. నీళ్ళ తొట్టిలో ఇంకా ఐదు టోఫు ముక్కలున్నాయి.

"మూడేళ్ళయింది ఈయనకి మా టోఫు దొరికి," అన్నారావిడ. "ఫోన్లో చూసి వచ్చేవాళ్ళే పొద్దున్నే ఊడ్చుకుపోయేవాళ్ళు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని వద్దనలేం కదా."

ముసలాయన గిన్నె నింపి పంపాక, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఇంకాస్త కిందికి పోదా, నాయనా?"