వెంట్రుకవాసి

"దూరం ఎంతుంటుందంటావు?" తుర్దుబాయ్ అద్దాల బీరువా తాళం తీస్తూ అడిగాడు.

"ఐదు వందల మీటర్లు. అంతకంటే దగ్గరికి రానివ్వవు అవి," అన్నాడు కసిమాలి. "మంచు ముందే పడింది గానీ కొండమేకలు ఇంకా కిందికి దిగలేదు."

కొండల మధ్య ఊరు నారిన్. దాని బజారు చివర ఉన్న తుర్దుబాయ్ తుపాకుల దుకాణంలో ముగ్గురే ఉన్నారు. బల్ల మీద కసిమాలి కొత్త రైఫిల్ ఉంది. బతుకంతా వట్టి కళ్లతో వేటాడిన మనిషి, ఇప్పుడు చూపు మొరాయిస్తే తప్పనిసరై, తుపాకి మీద బిగించి గురి చూసే స్కోపు కొనడానికి వచ్చాడు. ఆ అంకెలూ గీతలూ తనకు కొరుకుడు పడవని, బడిలో ఫిజిక్స్ చెప్పే అల్లుడు ఉలుక్మాన్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

అల్లుడికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్తాడు, ఫోను చూసుకుంటాడు, మళ్లీ బల్ల దగ్గరికి వస్తాడు. అతని భార్య బేగాయిమ్‌కి ఆరో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కసిమాలి వైద్యం వేరు. ఆయన భార్య కూడా ఇలాగే ఇబ్బంది పడితే కొండమేక మాంసం ఉడికించి ఆ రసం తాగించాడట, బేగాయిమ్ గుండ్రాయిలా పుట్టిందట. అందుకే వేట పర్మిట్ చేతికి రాగానే రేపే ప్రయాణమన్నాడు. ఆయన ఒక మాటన్నాక దాన్ని వెనక్కి తిప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

తుర్దుబాయ్ మూడు స్కోపులు వరసగా పెట్టాడు. కసిమాలి అన్నిటికన్నా లావుదాన్ని ఎత్తి కంటికి ఆనించుకున్నాడు.

"దీంతో చూస్తే మేక గడ్డంలో పేలు కూడా కనిపిస్తాయి."

"పేలు కనిపిస్తాయి, మేకే కనపడదు," అన్నాడు తుర్దుబాయ్. "అంత పెద్దది చేసి చూపిస్తే కొండంతా ఒక్క రాయే అన్నా. ఊపిరి తీస్తే అదీ వణుకుతుంది. ఈ మధ్యది తీసుకో. పొద్దు వాలినా బాగా కనిపిస్తుంది. కంటికీ దీనికీ నాలుగు వేళ్ల ఎడం ఉంటుంది. లేకపోతే తుపాకి వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చీలుతుంది."

"చీలితే చీలనీ. ఈ వయసులో నాకు పిల్లనెవడిస్తాడు?"

అలా అంటూనే మధ్యదాన్ని పక్కన పెట్టించుకున్నాడు. ఉలుక్మాన్ అసలు స్కోపుల వంక చూడనే లేదు. అతని కళ్లన్నీ వాటిని తుపాకికి పట్టి ఉంచే మౌంట్ల మీదే ఉన్నాయి.

"ఇవి వదులైతే ఏమవుతుంది?"

"ఇక్కడ వెంట్రుకవాసి కదిలిందా, అక్కడ గుండు మూరెడు పక్కకి పోతుంది. మౌంటు సరిగ్గా లేకపోతే ఎంత గొప్ప స్కోపైనా దండగే."

"వదులైందని చూస్తే తెలుస్తుందా?"

"చూస్తే ఏం తెలుస్తుంది? పేల్చాకే తెలిసేది."

"అదే... కొంచెం వదులై, దెబ్బ తగిలిన మేక కుంటుకుంటూ పారిపోతే?"

"కొంచెం వదులుతోనే ఆ పాపం మాస్టారూ. పూర్తిగా వదులైతే గుండు దాని దరిదాపులకే పోదు."

కసిమాలి పకపకా నవ్వాడు. "పెళ్లికి ముందు నా కూతురి గురించి కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదయ్యా ఇతను."

ఉలుక్మాన్ ఫోను మోగింది. గభాలున గుమ్మం దాకా వెళ్లాడు.

"ఆఁ... ఇంకా కాలేదు. నేను చూసుకుంటానన్నానుగా. నువ్వు లేవకు... ఏడవకు."

"ఏమంటోంది?" అడిగాడు కసిమాలి.

"స్కోపు సంగతి ఏమైందని అడుగుతోంది మామయ్యా."

"నా కూతురు మరి," అన్నాడు కసిమాలి గర్వంగా.

తుర్దుబాయ్ బల్ల తుడుస్తూ కాస్త నసిగాడు. "మా అమ్మ ఒకటనేది అన్నా. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే కొండమేక మీద తుపాకి ఎత్తకూడదట. కొమ్ములున్నవాటికి కైబెరెన్ తల్లి కాపలా అట. దాని బిడ్డను మనం తీసుకుంటే మన బిడ్డను అది తీసుకుంటుందట."

"మీ అమ్మ భూమి బల్లపరుపుగా ఉంటుందని కూడా అనేది. అడుగు మా అల్లుణ్ణి, చదువుకున్నవాడు."

"ఈ రోజుల్లో అవన్నీ ఎవరు నమ్ముతారు?" అన్నాడు ఉలుక్మాన్. "ముందు మౌంటు సంగతి చూడండి."

గుర్రం మీద ఊగినా కదలనిది కావాలని, ఒకే ముక్కలో ఉన్న ఉక్కు మౌంటు ఎంచాడు తుర్దుబాయ్. స్కోపును అందులో కూర్చోబెట్టి, గీత నిలువుగా ఉందో లేదో చూసి, ఒక్కో స్క్రూ లెక్క ప్రకారం బిగించాడు. దారిలో అవసరపడుతుందని ఆ స్క్రూలు తిప్పే చిన్న కీ కూడా ఇచ్చాడు. కసిమాలి దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉంచు, నేను ఎక్కడో పారేస్తాను."

ఊరు దాటి, వాగు పక్కన అట్టపెట్టె పెట్టి గురి సరిచేసుకున్నారు. ఆఖరికి కసిమాలి పేల్చిన మూడు గుళ్లూ అరచేయంత చోట దిగాయి. ఆయన లేచి, మోకాళ్లకంటిన మట్టి కూడా దులుపుకోకుండా అల్లుణ్ణి కావలించుకున్నాడు.

"భయంగా ఉంది అల్లుడూ. నీతో కాబట్టి చెప్తున్నాను. ఇది కూడా పోతే నా కూతురు తట్టుకోలేదు. నాకు తెలిసిన మందు ఇదొక్కటే."

ఉలుక్మాన్‌కి కళ్లు చెమర్చాయి. ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. "ఈ బిడ్డ నిలుస్తుంది మామయ్యా," అన్నాడు.

తిరిగి వస్తూ బజారు దగ్గర కారు ఆపించాడు కసిమాలి. వెనక సీట్లో సంచిలో ఉన్న రైఫిల్‌ని ఓసారి తట్టి చూసుకున్నాడు.

"బేగాయిమ్‌కి వేడి రొట్టెలు తెస్తాను. తుపాకి జాగ్రత్త. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

"నేనున్నానుగా," అన్నాడు ఉలుక్మాన్.

ఆయన జనంలో కలిసిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వెనక సీట్లోకి మారి, సంచి జిప్పు తీశాడు.

మౌంటు స్క్రూలన్నీ పూర్తిగా వదులు చేశాడు.